బ్యాటరీ మూత ఎత్తొద్దని మరిదికి ఎలా చెప్పాలి?

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఓ టీచర్ గారు రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమె పనిచేసే ప్రైవేటు స్కూలు ఇంటికి 6 కిలోమీటర్లు. రెండేళ్ల కిందట లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని 250 వాట్ల ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కున్నారు. దానిది 48 వోల్టుల లిథియం బ్యాటరీ. "నా జీతంతో నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు అదే" అని రాశారు. ఏడాదిన్నర పాటు ఏ పేచీ పెట్టలేదు. ఆ తర్వాత రైల్వే వంతెన ఎక్కేటప్పుడు సగంలో ఆగిపోవడం మొదలుపెట్టింది. తాళం తీసి రెండు నిమిషాలాగి వేస్తే మళ్లీ కదులుతుంది. మీటరులో చూస్తే గీతలన్నీ నిండుగానే ఉంటాయి. చదును రోడ్డు మీద మాత్రం మునుపటిలాగే ఒక చార్జింగ్‌తో రెండు రోజులు స్కూలుకు వెళ్లి వస్తోంది. వానలు పడ్డాక రెండో జబ్బు మొదలైంది. కొన్ని రోజులు పొద్దున్నే లైటూ హారనూ పనిచేస్తాయి, యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం బండి ఉలకదు పలకదు. ఎండెక్కాక దానంతట అదే బాగుపడుతుంది. బండి అమ్మిన షాపు మూసేశారు. కంపెనీ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తరు.

ఇంట్లో మరిది ఉన్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. ఉద్యోగం పోయాక నెలల తరబడి గదిలోంచి బయటికి రాలేదట. బండి రిపేరు చేతికొచ్చాక వేళకు తింటున్నాడు, నలుగురితో మాట్లాడుతున్నాడు. ఆన్‌లైన్లో కొత్త కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) తెప్పించి తనే బిగించాడు. "పికప్ పెరిగింది, ఇప్పుడు 35 దాకా పోతోంది. కానీ వంతెన మీద ఇదివరకటి కన్నా ముందే ఆగిపోతోంది" అంటారామె. దాంతో బ్యాటరీలో సెల్స్ పోయాయని అతను తేల్చేశాడు. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్స్ ఎవరి దగ్గరో మాట్లాడుకున్నాడు. హాల్లో పేపరు పరిచి, బ్యాటరీ దాని మీద పెట్టి, నాలుగు స్క్రూలు ఊడదీశాడు. మూత ఇంకా ఎత్తలేదు. బండికి చార్జింగ్ పెట్టేది మెట్ల కింద, వీధి తలుపు పక్కనే. ఇంటికి ఉన్నది ఆ ఒక్క తలుపే. నాలుగేళ్ల పాప ఉంది. భర్త దుబాయ్‌లో ఉంటారు. "వాడు ఇప్పుడిప్పుడే మనుషుల్లో పడుతున్నాడు, నువ్వు అడ్డం పడకు" అని ఆయన మాట. అత్తగారిదీ అదే మాట.

"నాకు ఆ డబ్బా చూస్తే భయం. వద్దంటే వాడు మళ్లీ వెళ్లి తలుపేసుకుంటాడేమోనని అంతకన్నా భయం. తప్పు నిజంగా బ్యాటరీదేనా? అసలు బండి అమ్మేయమంటారా?" అని అడిగారు.

టీచర్ గారూ,

ముందు ఈ పూటే చేయాల్సిన పని ఒకటుంది. ఆ నాలుగు స్క్రూలు తిరిగి బిగించి బ్యాటరీని హాల్లోంచి తీసేయండి. వరండాలోనో పెరట్లోనో, నీడ ఉండి వాన జల్లు పడని చోట, సిమెంటు నేల మీద పెట్టండి. చుట్టూ గోనెసంచులు, అట్టపెట్టెలు, గ్యాస్ సిలిండరు లేకుండా చూసుకోండి. చార్జింగ్ కూడా అక్కడే, ఇంట్లో అందరూ మెలకువగా ఉన్న వేళలో పెట్టండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ కొన్ని రోజుల తేడాతో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఇళ్లలో పేలి మనుషులు చనిపోయారు. రెండుచోట్లా బ్యాటరీ ఉన్నది మనుషులు నిద్రపోయే ఇంట్లోనే. మీ ఇంటికి ఒకే తలుపు. చార్జింగ్ ఆ తలుపు పక్కన. ఏదైనా జరిగితే బయటికి వెళ్లే దారే మంటలో ఉంటుంది. ఈ మార్పుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. బ్యాటరీ ఉబ్బినట్టున్నా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, చార్జింగ్ తీసిన గంట తర్వాత కూడా వేడి తగ్గకపోయినా ఇక దానికి చార్జింగ్ పెట్టొద్దు. పొగ వస్తే దాన్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. పాపను తీసుకుని బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ఇక బండి సంగతి. మీ ఉత్తరంలో ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. వంతెన మీద ఆగడం ఒకటి, వాన పడ్డ పొద్దున కదలకపోవడం ఇంకొకటి. రెండింటినీ ఒకే మూటలో కట్టేయడంతో మీ మరిదికి దారి తప్పింది.

వానది తేలిక కాబట్టి దాన్ని ముందు చూద్దాం. లైటు, హారన్ పనిచేస్తున్నాయంటే బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది, 48 వోల్టుల్ని 12 వోల్టులుగా తగ్గించే కన్వర్టర్ కూడా బాగానే ఉంది. మోటారుకు మాత్రం "కదులు" అనే మాట అందడం లేదు. తడి రోజుల్లో ఆ మాటను మింగేసేవి ముఖ్యంగా రెండు. మొదటిది బ్రేకు లివరులో ఉండే చిన్న స్విచ్. బ్రేకు నొక్కినప్పుడు మోటారు ఆగాలని దాన్ని పెడతారు. అందులోకి నీరు దిగితే, మీరు బ్రేకు ముట్టుకోకపోయినా నొక్కినట్టే కంట్రోలర్‌కు చెబుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. బండి కదలని రోజున తాళం ఆన్ చేసి వెనక్కి వెళ్లి చూడండి. ఎవరూ బ్రేకు పట్టుకోకుండానే బ్రేకు లైటు వెలుగుతుంటే దొంగ దొరికినట్టే. లైటు వెలగలేదని స్విచ్ మంచిదని అనుకోకూడదు, కొన్ని బండ్లలో లైటుకు వేరే స్విచ్ ఉంటుంది. అప్పుడు సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం నేలకు తగలకుండా లేపి, హ్యాండిల్ దగ్గర రెండు బ్రేకు స్విచ్‌ల ప్లగ్గులూ విడదీసి యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే తెలిసిపోతుంది. చక్రం తిరిగిందంటే తప్పు స్విచ్‌దే. ఇది పరీక్ష వరకే. ఆ ప్లగ్గులు తగిలించకుండా రోడ్డెక్కొద్దు. చక్రం ఒక్కసారిగా జోరందుకుంటుంది కాబట్టి ఆ కాసేపు పాపను లోపల ఉంచండి, చీర కొంగు దోపుకోండి.

రెండోది యాక్సిలరేటరే. దాన్నుంచి మూడు సన్నని వైర్లు వస్తాయి. ఎరుపు, నలుపు వైర్ల మధ్య 5 వోల్టులకు కాస్త అటూ ఇటూ ఉండాలి. మూడో వైరులో చేయి తీసేసినప్పుడు 0.8 వోల్టు దగ్గర, పూర్తిగా తిప్పితే 3.5 దాటి కనిపించాలి. ప్లగ్గులోకి తేమ చేరితే చేయి తీసేసినా ఆ వోల్టేజి పైకి లేచి ఉంటుంది. తాళం వేసేసరికే యాక్సిలరేటర్ తిప్పి ఉందనుకుని కంట్రోలర్ మొండికేస్తుంది. బండి దూకకుండా పెట్టిన జాగ్రత్త అది. ప్లగ్గు విప్పి, ఎండలో బాగా ఆరబెట్టి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, అది కూడా ఆరాక మళ్లీ బిగించాలి. తడి ఉండగానే పైన టేపు చుట్టేస్తే నీరు లోపలే ఉండి రాగి పచ్చబడుతుంది. ఎరుపు వైరులో 5 వోల్టులే రాకపోతే మాత్రం మోటారులోని హాల్ సెన్సర్ల (మోటారు ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేవి) వైపు చూడాలి. వాటికీ యాక్సిలరేటర్‌కూ చాలా కంట్రోలర్లలో ఆ 5 వోల్టులు ఒకేచోటి నుంచి వస్తాయి కాబట్టి సెన్సర్ వైరు ఒకటి ఒరుసుకుపోయి షార్ట్ అయినా ఇక్కడ కరెంటు ఉండదు. మోటారు గరగరమనడం గానీ, వెనక్కీ ముందుకీ ఊగడం గానీ మీరు రాయలేదు. అందుకే అటు ఎక్కువ పోను.

ఇక వంతెన. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం "పికప్ పెరిగింది, కానీ ఇదివరకటి కన్నా ముందే ఆగిపోతోంది" అన్నది. మీరు దాన్ని వింతగా రాశారు. అందులో వింత లేదు.

ఊళ్లో సాయంత్రం అందరూ పొలం మోటార్లు వేసేసరికి ఇంట్లో బల్బు ఎర్రగా మగ్గిపోవడం చూసే ఉంటారు. లాగే కరెంటు పెరిగేకొద్దీ దారిలో వోల్టేజి పడిపోతుంది. మీ బండిలో జరిగేదీ అదే. నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ 50 వోల్టులు చూపించిందనుకుందాం. 48 వోల్టుల కంట్రోలర్లు చాలావరకు వోల్టేజి 42 దగ్గరకు పడగానే, బ్యాటరీని కాపాడడానికి, మోటారును ఆపేస్తాయి. మంచి బ్యాటరీ, మంచి వైరింగ్ కలిపి 0.1 ఓమ్ అడ్డు ఉందనుకుంటే 15 ఆంపియర్లు లాగినా పడేది ఒకటిన్నర వోల్టు, ఏమీ తెలియదు. దారిలో ఒకచోట ప్లగ్గు వదులై ఇంకో 0.3 ఓమ్ చేరితే అదే 15 ఆంపియర్లకు 6 వోల్టులు పడుతుంది. 50 కాస్తా 44 అవుతుంది. వంతెన మొదట్లో ఎలాగో నెట్టుకొస్తుంది, చివర్లో ఆగుతుంది. ఇప్పుడు 20 ఆంపియర్ల కంట్రోలర్ పెట్టారనుకోండి, పడేది 8 వోల్టులు, సరిగ్గా 42. ఎక్కీ ఎక్కకుండానే ఆగిపోతుంది. చదును రోడ్డు మీద అంత కరెంటు లాగదు కాబట్టి అక్కడ ఏ తేడా తెలియదు. ఆగాక లాగడం ఉండదు, వోల్టేజి మళ్లీ లేస్తుంది, గీతలు నిండుగా కనిపిస్తాయి. ఈ అంకెలు లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి. మీ బండివి కొలిస్తేగానీ తెలియవు. పాత కంట్రోలర్ మీదా, కొత్తదాని మీదా ఆంపియర్లు ఎంతని రాసి ఉందో పక్కపక్కన పెట్టి చూడమనండి. కొత్తదాని మీద అంకె పెద్దదిగా ఉంటుందని నా అనుమానం.

కాబట్టి మీ మరిది లక్షణాన్ని సరిగ్గానే చూశాడు. వోల్టేజి పడిపోతోంది, నిజం. ఎక్కడ పడిపోతోందో చూడకుండా సెల్స్ దాకా వెళ్లిపోయాడు. సెల్సే అరిగిపోతే చదును రోడ్డు మీద మైలేజీ కూడా తగ్గాలి. మీకు రెండు రోజులు రావడం మానలేదు. అందుకే నా మొగ్గు బ్యాటరీ ప్లగ్గు, సీటు కింద ఉండే ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్), దాని స్క్రూలు, లావు వైర్ల జాయింట్ల వైపు. అయినా బ్యాటరీకి క్లీన్ చిట్ ఇవ్వను. సెల్స్‌లో ఒక్క వరస బలహీనపడినా మొదట్లో ఇలాగే ఉంటుంది.

ఏది నిజమో తేల్చే పని మూత ఎత్తకుండానే అవుతుంది. ఆ పని మీ మరిదిదే. దొరికితే తాడేపల్లిగూడెంలోనో భీమవరంలోనో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా చిన్న డిజిటల్ వోల్టు మీటర్లు రెండు తెమ్మనండి. వంద వోల్టుల దాకా చూపించేవై ఉండాలి. ఒకదాన్ని బ్యాటరీ నుంచి బయటికి వచ్చే ప్లగ్గుకు బ్యాటరీ వైపున, రెండోదాన్ని కంట్రోలర్‌లోకి వైర్లు వెళ్లే చోట కలపాలి. ప్లస్సూ మైనస్సూ రెండూ ఎక్కడికక్కడ నుంచే తీసుకోవాలి, ఎందుకంటే చెడిన జాయింటు మైనస్ వైపైనా ఉండొచ్చు. ప్రతి మీటరు ప్లస్ వైరుకూ 1 ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి. రెండు మీటర్లూ హ్యాండిల్ దగ్గర పక్కపక్కన టేపుతో అంటించి, ఫోన్ క్లిప్‌కు పెట్టి వీడియో ఆన్ చేసి వంతెన ఎక్కాలి. బండి నడిపే మనిషి కళ్లు రోడ్డు మీదే ఉండాలి. అంకెలు ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

బ్యాటరీ వైపు మీటరు 49 దగ్గర నిలబడి, కంట్రోలర్ వైపుది 43, 42 అని జారిపోతే బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు. మధ్యలో ఎక్కడో జాయింటు తినేస్తోంది. అలాంటిచోట ప్లగ్గు ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది, లోపలి రేకు నల్లబడి ఉంటుంది. 20 ఆంపియర్ల దగ్గర 0.3 ఓమ్ అంటే ఆ చిన్న ప్లగ్గులో 120 వాట్ల వేడి. వంతెన దిగగానే తాళం తీసి, చేతి వెనక వైపు దగ్గరగా పెట్టి చూసినా వేడి తెలుస్తుంది. ప్లగ్గు జత, రెండు లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) మార్చి, ఎంసీబీ స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. కొత్త ప్లగ్గు వేసేటప్పుడు వైరు కొసలు గట్టిగా క్రింప్ చేయించాలి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించాలి. మెలితిప్పి టేపు చుడితే ఆర్నెల్లలో మళ్లీ ఇదే కథ.

రెండు మీటర్లూ కలిసికట్టుగా జారితే తప్పు బ్యాటరీ డబ్బాలోనే ఉంది. రెండూ ఒక్కసారిగా సున్నాకు పడితే లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) కరెంటు కట్ చేసిందని అర్థం. అప్పుడు కూడా మూత జోలికి పోకుండా ఇంకో కొలత తీసుకోవచ్చు. చార్జర్ మీద అవుట్‌పుట్ అని రాసిన అంకె చూడండి. 54.6 అని ఉంటే లోపల 13 వరసల సెల్స్, 58.4 అని ఉంటే 16 వరసల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. నిండా చార్జ్ చేసి, చార్జర్ తీసి, గంట ఆగి కొలిస్తే మొదటి రకం 54కు దగ్గరగా ఉండాలి. 52 దగ్గరే ఆగిపోతుంటే చార్జర్‌లో లోపమో, ఒక వరస ముందే నిండిపోయి బీఎంఎస్ చార్జింగ్ ఆపేయడమో అయి ఉంటుంది. ఫాస్ఫేట్ రకానికి మాత్రం ఈ లెక్క చెల్లదు. అది నిండాక కాసేపటికే మూడు నాలుగు వోల్టులు దిగి నిలబడుతుంది, అది దాని నైజం.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. మల్టీమీటరు ఎర్ర వైరు కొంతమంది 10 ఆంపియర్ల రంధ్రంలో వదిలేస్తారు. అలాగే బ్యాటరీకి ఆనిస్తే అది కొలత కాదు, నేరుగా షార్ట్. ఆ వైరు వోల్టుల రంధ్రంలో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. ఉంగరాలు, వాచీ తీసేయాలి. మీరు సాయం పడుతుంటే బంగారు గాజులు కూడా.

ఇప్పుడు మూత ఎందుకు ఎత్తకూడదో. ఐటీఐ చదివినవాడు కాబట్టి అతనికి కారణం చెబితే అర్థమవుతుంది, భయపెడితే అర్థం కాదు. అతనికి అలవాటైంది ఇంటి కరెంటు. అది సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి మెరుపు పుట్టినా ఆరిపోయే వీలుంటుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటుకు ఆ సున్నా లేదు, అంటుకున్న మెరుపు లాగుతూనే ఉంటుంది. ఇంట్లో పని చేసేటప్పుడు మెయిన్ ఆపుతాడు. బ్యాటరీ లోపల మెయిన్ ఎక్కడుంది? సెల్స్‌ను కలిపే నికెల్ పట్టీల మీద ఒక స్క్రూడ్రైవర్ జారిపడితే వందల ఆంపియర్లు పారతాయి. ఆ షార్ట్ బీఎంఎస్‌కు ఇవతల జరుగుతుంది కాబట్టి బీఎంఎస్ చూస్తూ ఊరుకోవడం తప్ప చేసేదేమీ లేదు. సెల్‌కు నేరుగా టంకం పెడితే ఆ వేడికి లోపలి పొర దెబ్బతింటుంది. ఆ రోజు ఏమీ కాకపోవచ్చు, నెల తర్వాత చార్జింగ్‌లో బయటపడుతుంది. లాప్‌టాప్ సెల్స్ సంగతి ఇంకా ఇబ్బంది. అవి తక్కువ కరెంటుకు చేసినవి, ఒక్కోదాని వయసు ఒక్కోలా ఉంటుంది. పాత వరసల మధ్య వాటిని ఇరికిస్తే ఒకటి ముందు నిండుతుంది, ఒకటి ముందు ఖాళీ అవుతుంది. ఆ తేడాను సరిచేసే శక్తి మామూలు బీఎంఎస్‌కు మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది. ఇవన్నీ తెలిసి, స్పాట్ వెల్డరూ సెల్ టెస్టరూ ఉన్న వర్క్‌షాపులో, మంటకు దూరంగా చేసేవాళ్లు ఉన్నారు. మీ హాలు అది కాదు.

అతనితో ఎలా చెప్పాలన్నది అసలు ప్రశ్న. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మీరే నేరుగా చెప్పొచ్చు. "నీకు రాదు" అన్న మాట ఒక్కటి రాకుండా చూసుకోండి. "వోల్టేజి ఎక్కడ పడిపోతోందో ముందు కొలిచి నాకు చూపించు, అప్పుడు బ్యాటరీ సంగతి మాట్లాడదాం" అనండి. అది వద్దనడం కాదు, పని అప్పగించడం. కొలతలు రాయడానికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. బండి మీది, మీ జీతంతో కొన్నది. ఆ మాట చెప్పే హక్కు మీకుంది. ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తకపోవడం నాకు కాస్త ఆశ్చర్యంగానే ఉంది. ఇందులో చిక్కేమిటంటే, అతను అప్పటికి తలూపి మీరు స్కూల్లో ఉండగా మూత ఎత్తొచ్చు. అందుకే బ్యాటరీ ఎక్కడ ఉండాలన్నది ముందు తేల్చమన్నాను.

మీ వారితో చెప్పించొచ్చు. అన్నయ్య మాట అతను వింటాడు. కానీ ఆయనకు "మీ తమ్ముడు ప్రమాదం తెస్తున్నాడు" అని చెబితే ఆయన తమ్ముడి పక్షానే నిలబడతారు. చార్జింగ్ పెట్టే చోటుకూ తలుపుకూ పాప పడుకునే చోటుకూ మధ్య దూరం వీడియో కాల్‌లో చూపించండి. ఆయన అక్కడ లేరు, ఆ ఇల్లు ఆయన కళ్ల ముందు ఇప్పుడు లేదు. ఈ దారిలో నష్టం, తన మీద ఫిర్యాదు దుబాయ్ దాకా వెళ్లిందని మరిదికి తెలిస్తే బాధపడతాడు. మీ వారితో మాట్లాడబోతున్నానని అతనికి ముందే చెప్పి చేయండి.

లేదా ఈ సమాధానమే అతని చేతికివ్వొచ్చు. లెక్క నచ్చితే తనే ఒప్పుకుంటాడు, నచ్చకపోతే నాతో వాదిస్తాడు. కోపం వస్తే అది నా మీదికి వస్తుంది, నాకేం పరవాలేదు. నాకు మొదటిదీ ఇదీ కలిపి చేయడం నచ్చింది. అయితే అతను గదిలోంచి బయటికి రావడానికి ఒక బండి రిపేరు మీదే ఆధారపడడం మంచిది కాదు. ఐటీఐలలో ఇప్పుడు మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే ట్రేడ్ ఉంది. దగ్గర్లో బ్యాటరీ వర్క్‌షాపు ఏదైనా ఉంటే కొన్నాళ్లు పనిలో చేరినా చాలు, ఈ ఆసక్తికి ఒక దారి దొరుకుతుంది. మళ్లీ తలుపేసుకునే రోజు వస్తే, దాన్ని అలక అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కొత్త కంట్రోలర్ గురించి ఎవరూ మీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ బండికి లైసెన్సు అక్కర్లేకపోవడానికి కారణం దాని మోటారు శక్తి 250 వాట్లకూ వేగం 25 కిలోమీటర్లకూ మించకపోవడమే. 35 దాకా పోతోందంటే ఆ మినహాయింపు పోయినట్టే. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లైసెన్సు లేని మోటారు బండి నడుపుతున్నట్టు లెక్క. రేపు ఎవరికైనా తగిలితే ఆ బరువంతా మీ నెత్తిన పడుతుంది. పాత కంట్రోలర్ పారేయలేదు కదా? దాన్నే తిరిగి బిగించమనండి. బ్యాటరీ ప్లగ్గు పీకాక తాళం ఆన్‌లో ఉంచి ఒక నిమిషం ఆగి పని మొదలుపెట్టాలి, కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. పికప్ తగ్గిందని మీరు విసుక్కుంటారు. వంతెన మీద ఇప్పటి కన్నా కొంత పైదాకా వెళుతుంది. మోటారూ చల్లగా ఉంటుంది.

వారంటీ కాగితం తీసి చూడండి. లిథియం బ్యాటరీలకు మూడేళ్లు ఇచ్చేవాళ్లు చాలామంది. మీకింకా గడువు ఉంటే, సీలు విప్పని బ్యాటరీ మీ చేతిలో డబ్బుతో సమానం. షాపు మూసేసినా తయారీదారు బాధ్యత పోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వివాదం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. కంట్రోలర్ మార్చిన సంగతి దాచకండి. వాళ్లు దాన్ని సాకుగా చూపిస్తారు, నిజమే. కానీ మార్చకముందే వంతెన మీద ఆగిందని చెప్పడానికి అప్పట్లో కంపెనీకి చేసిన కాల్స్, మెసేజీలు మీ ఫోన్లో ఉంటాయి కదా, వాటిని తేదీలతో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

వారంటీ అయిపోయి, కొలతల్లో బ్యాటరీదే తప్పని తేలితే రెండు దారులు. వర్క్‌షాపులో విప్పించి ఒక్కో వరస వోల్టేజి మీ ముందు కొలిపించుకోవడం ఒకటి. అన్నీ దాదాపు సమానంగా ఉండాలి, ఒకటి 4.1, పక్కది 3.7 అంటే జబ్బు అక్కడుంది. "ఒక్క వరస మార్చేస్తే సరిపోతుంది" అనేవాళ్ల దగ్గర తక్కువలో అవుతుంది, ఎక్కువ కాలం ఉండదు. పైగా దానికి చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ మీకు నిద్ర పట్టదు. కొత్త ప్యాక్ కొనడం రెండోది. ఖర్చు గట్టిగానే అవుతుంది. కొంటే ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా పరీక్షలు పాసైనదేనా అని రాతపూర్వకంగా అడగండి. 2022 ప్రమాదాల తర్వాత ఆ నిబంధనల్ని కఠినం చేసి, ఆ ఏడాది డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు విడతల్లో అమల్లోకి తెచ్చారు. పాతదాన్ని పాత ఇనుప సామాన్లవాళ్లకు వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని సేకరించే బాధ్యత తయారీదారులదే, కొత్తది అమ్మేవాళ్లకు అప్పగించి రసీదు తీసుకోండి.

బండి అమ్మేయాలా అన్నారు. ఇప్పుడు అమ్మితే లోపం చెప్పి అమ్మాలి, చెబితే సగం ధర కూడా రాదు. చెప్పకుండా అమ్మితే ఆ బ్యాటరీ ఇంకొకరి మెట్ల కిందికి చేరుతుంది. ప్లగ్గు దగ్గర తేలిపోయే తప్పుకు బండి వదులుకోవడం నాకు తొందరగా అనిపిస్తోంది. కొలతలు వచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా వంతెన మీది నుంచి వెళ్లకుండా రైల్వే గేటు దారి ఉంటే అటు వెళ్లండి, లేకపోతే ఆటోలో వెళ్లండి. లారీలు తిరిగే వంతెన మధ్యలో ఆగిపోయే బండి మీద రోజూ వెళ్లడం నాకు నచ్చడం లేదు.

వంతెన మీద రెండు మీటర్లూ చూపించిన అంకెలు, చార్జర్ మీది అంకె, రెండు కంట్రోలర్ల ఆంపియర్లు, వాన పడ్డ పొద్దున బ్రేకు లైటు వెలిగిందో లేదో రాసి పంపండి. మీ మరిదినే రాయమనండి, అతనితోనే మాట్లాడతాను.